నల్లిని జయించిన నాటు తేనెటీగ

"అయ్యా, చూర్ణము తేనెతో పుచ్చుకోమన్నారు. ఏ తేనె కొనమంటారు?"

మందు చీటీ చేతికిచ్చిన ప్రతిసారి నా రోగులు అడుగుచున్న ప్రశ్న ఇది. నేను వైద్యము ఆరంభించిన రోజులలో ఈ ప్రశ్న లేదు. మెట్ట పల్లెలనుండి తేనె పిండి తెచ్చి వీధిలో అమ్మువారు ఉండిరి. పట్టుతో సహా పళ్ళెములో పెట్టి చూపెడివారు. ఇల్లాండ్రు వేలు ముంచి నాలుకపై వేసికొని బేరమాడెడివారు. నేడు సీసాల మీద చీటీలున్నవి, చీటీల మీద బొమ్మలున్నవి, అయినను కొనువానికి నమ్మకము లేదు.

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము చెప్పుట నావల్ల కాదు. ఏ సీసా అన్నది తరువాతి మాట. ఏ ఈగ పెట్టిన తేనె, ఆ ఈగకు ఏ రోగము పట్టినది, ఆ రోగమునకు దాని యజమాని ఏ మందు వేసినాడు అన్నది ముందు మాట. ఈగకు వేసిన మందు తేనెలోనికి, మైనములోనికి కొంత చేరును. ఆ తేనెయే మన రోగికి అనుపానమగును. కావున ఈ వ్యాసములో ఆవగింజంత అయినను లేని ఒక పురుగును గూర్చియు, దానిని తట్టుకొను ఈగలను ఎంచి పెంచు విద్యను గూర్చియు ముచ్చటించెదను. వైద్యునికి ఈగల గొడవ ఎందుకని కొందరు అనుకొనవచ్చును. మూలికను ఎరుగని వైద్యుడు ఎట్టివాడో, తేనె పుట్టు విధమెరుగని వైద్యుడును అట్టివాడే అని మా గురువుగారు అనెడివారు.

శాస్త్రములో తేనెకు గల స్థానము పాఠకులకు తెలిసినదే. చరకుడు మాక్షికము, భ్రామరము, క్షౌద్రము, పౌత్తికము అని నాలుగు విధములు చెప్పి మాక్షికమునకు అగ్రస్థానమిచ్చినాడు. సుశ్రుతుడు ఎనిమిది విధములు లెక్కించినాడు. ఈగ జాతిని బట్టి తేనె గుణము మారునని ఇద్దరి మతము. తేనె యోగవాహి, అనగా తనతో కలిసిన ద్రవ్యము యొక్క గుణమును మోసుకొనిపోవునది. అందువలననే అనుపానములలో దానికంత గౌరవము. మోసుకొనిపోవు గుణము మంచిదానికే పరిమితమని ఎక్కడను చెప్పలేదు సుమా.

మన ప్రాంతమున తేనె పెట్టు ఈగలు ముఖ్యముగా నాలుగు. ఎత్తైన చెట్ల కొమ్మలకు, నీళ్ళ ట్యాంకుల క్రింద, మేడల చూరులకు చాటంత పెద్ద పట్టు పెట్టునది కొండ తేనెటీగ. కంపలలో అరచేయంత పట్టు పెట్టునది చిన్న తేనెటీగ. చెట్టు తొర్రలలో, పుట్టలలో, పాత గోడల గూళ్ళలో, చీకటిలో వరుసగా అనేక పట్టులు పెట్టునది పుట్ట తేనెటీగ, దీనినే నాటు తేనెటీగ అందురు. శాస్త్రజ్ఞులు దీనిని ఏపిస్ సెరానా అందురు. నాలుగవది ఇటాలియన్ తేనెటీగ అని రైతులు పిలుచునది, అనగా ఏపిస్ మెల్లిఫెరా. ఇది మన దేశపుది కాదు. హిమాచల ప్రదేశములోని కాంగ్రా లోయలో, నగ్రోటా బగ్వాన్ వద్ద 1960లలో పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయము వారు దీనిని తెచ్చి నిలబెట్టగలిగినారు. పెట్టెలలో పెట్టి పెంచుటకు లొంగునవి ఈ చివరి రెండే. నాటు ఈగ పెట్టెకు ఏడాదికి 6 నుండి 8 కిలోల తేనె వచ్చిన గొప్ప. ఇటాలియన్ ఈగ, పూతను వెదకుచు పెట్టెలు లారీలో త్రిప్పినచో, 25 నుండి 40 కిలోల వరకు ఇచ్చును. లెక్క చూచిన రైతు ఎటు మొగ్గునో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నల్లి సంగతి. ఇది మంచములలో ఉండు నల్లి కాదు. మిరప తోటలో ఆకు ముడుచుకొనునట్లు చేయు నల్లి కలదు గదా, ఆ వర్గమునకు చెందిన ఎనిమిది కాళ్ళ జీవి. పేరు వర్రోవా. ఒక మిల్లీమీటరుకు కొంచెము మించిన పొడవు, ఒకటిన్నర మిల్లీమీటరుకు పైగా వెడల్పు, ఎండ్రకాయ డిప్ప వంటి గోధుమ ఎరుపు శరీరము. మన దేహమును బట్టి పోల్చిన, ఒంటికి పళ్ళెమంత పేను పట్టినట్లు. 1904లో జావా ద్వీపములో నాటు తేనెటీగ మీద దీనిని మొదట గుర్తించి గ్రంథస్థము చేసినారు. యూరపు ఈగలను ఆసియా ఖండపు తూర్పు ప్రాంతములకు తెచ్చి నాటు ఈగల ప్రక్కన పెట్టిన పిమ్మట ఈ నల్లి ఒక ఈగనుండి మరియొక ఈగకు ప్రాకినది. 1987లో అమెరికాలోను, 2000లో న్యూజిలాండులోను, 2022లో ఆస్ట్రేలియాలోను కనబడినది. అట్లు ప్రపంచమును చుట్టినది నాటు ఈగ మీద జావాలో చూచిన నల్లి కాదు, దాని దాయాది, వేరొక జాతి అని 2000లో ఆండర్సన్, ట్రూమన్ అను శాస్త్రజ్ఞులు తేల్చినారు. దానికి పెట్టిన పేరులోనే వినాశకారి అను అర్థమున్నది.

దీని బ్రతుకు విచిత్రము. తేనెటీగ పిల్లపురుగు పెరిగి, కూలి ఈగలు దాని గదికి మైనపు మూత వేయబోవు సమయమునకు తల్లి నల్లి ఆ గదిలోనికి దూరును. మూత పడిన రెండున్నర మూడు దినములకు మొదటి గ్రుడ్డు పెట్టును. అది మగది. ఆపైన సుమారు ముప్పది గంటలకొకటి చొప్పున ఆడ గ్రుడ్లు పెట్టును. తోబుట్టువులు ఆ చీకటి గదిలోనే జతకూడును. ఇటాలియన్ జాతిలో కూలి ఈగ మూత క్రింద పండ్రెండు దినములే ఉండును గనుక ఒకటి రెండు పిల్ల నల్లులే పక్వమై బయటపడును. పోతు ఈగ మరి రెండు మూడు దినములు ఎక్కువ ఉండును గనుక ఆ గదులలో సంతతి ఎక్కువ. ఈ నల్లి ఈగ రక్తము త్రాగునని చిరకాలము అనుకొన్నారు. ఈగ కడుపులోని కొవ్వు కండను కరగించి తినునని 2019లో వెలువడిన పరిశోధన తెలిపినది. కొవ్వు కండ ఈగకు మన కాలేయము వంటిది. ఓజస్సు క్షీణించుట అన్న మాట మన శాస్త్రములో ఉన్నది. ఈ ఈగలను చూచిన నాకు అదే తోచినది. దానికి తోడు నల్లి ఒక విషక్రిమిని ఎక్కించును. రెక్కలు ముడుచుకొని, కడుపు కురచయై, ఎగురలేక పెట్టె ముందు నేల మీద ప్రాకులాడు ఈగలు కనబడినచో ఆ పెట్టెకు గడువు దగ్గర పడినదని తెలియును.

మరి యుగయుగముల నుండి ఈ నల్లి నాటు ఈగతోనే ఉన్నది గదా, అది ఎట్లు బ్రతికినది? ఈ ప్రశ్నలోనే విషయమంతయు ఉన్నది.

నాటు ఈగ నల్లిని చంపి వంశము తుడిచివేయలేదు. అదుపులో పెట్టినది. ఒంటి మీద నల్లి ప్రాకినచో ఈగ వణుకుచు కాళ్ళతో దువ్వుకొనును, తోటి ఈగలు వచ్చి దవడలతో పట్టి లాగివేయును. 1987లో చైనాలో పనిచేసిన పరిశోధకులు దీనిని కన్నులార చూచి వ్రాసినారు. కూలి ఈగ పిల్ల గదిలో నల్లి దూరినచో ఆ పిల్ల తాళలేక త్వరగా చచ్చును. తక్కిన ఈగలు వాసన పట్టి, మూత కొరికి, పిల్లను నల్లితో సహా బయట పారవేయును. ఒక పిల్ల పోయినను పట్టు నిలుచును. అందుచేత నాటు ఈగలో నల్లి సంతతి ఇంచుమించు పోతు ఈగల గదులకే పరిమితము. అక్కడను మరియొక కట్టడి కలదు. పోతు ఈగ గది మూత గట్టిది, నడుమ చిన్న రంధ్రముండును. నల్లులు ఎక్కువైన పోతు ఈగ బలహీనమై ఆ మూతను ఛేదించి రాలేదు. కూలి ఈగలును దానిని తెరవవు. శత్రువుతో సహా అక్కడనే సమాధియగును. పోతు ఈగలు పెట్టెలో ఎల్లకాలము ఉండవు. కావున నల్లికి ఏడాదిలో కొలది కాలమే పంట.

కొండ తేనెటీగకు వేరొక నల్లి ఉన్నది, ట్రోపిలీలాప్స్ అని పేరు. అది పిల్లపురుగులు లేనిచో కొన్ని దినములకు మించి బ్రతుకలేదు. కొండ ఈగ ఋతువు మారగానే పట్టు విడిచి వలసపోవును గనుక ఆ నల్లికి ఉపవాసము తప్పదు. ఇటాలియన్ ఈగ ఏడాది పొడుగునా పిల్లలు పెట్టును, వలస ఎరుగదు. రెండు నల్లులకును అది తెరచిన సత్రము.

అప్పుడు యజమాని ఏమి చేయును? మందు వేయును. ఫ్లూవాలినేట్ అను పురుగుమందు పూసిన పట్టీలు వ్రేలాడదీయుదురు. అది మైనములో నిలిచిపోవు మందు, ఏండ్ల తరబడి వాడిన చోట్ల నల్లి దానికి అలవాటు పడినది. మరికొందరు ఫార్మిక్ ఆమ్లపు ఆవిరి, ఆక్సాలిక్ ఆమ్లము వాడుదురు. మన దేశములో చట్రముల పై పలకల మీద గంధకపు పొడి చల్లుట వాడుక. ఇంకొకటి పాఠకులకు ఆశ్చర్యము కలిగించును, వాము పువ్వు! అమృతధారలో కర్పూరము, పుదీనా పువ్వుతో కలుపు ఆ వాము పువ్వే థైమాల్ అను పేరుతో యూరపు దేశములలో నల్లికి మందుగా అమ్ముడగుచున్నది.

ఇక్కడ నా మూర్ఖత్వము ఒకటి చెప్పవలెను. పదునైదేండ్ల క్రిందట ఔషధమునకు తేనె నా ఇంటనే ఉండవలెనని కోరిక పుట్టి, ఒక సంచార పెంపకందారుని వద్ద నాలుగు ఇటాలియన్ పెట్టెలు కొని తాడేపల్లిగూడెము సమీపమున ఒక మిత్రుని కొబ్బరి తోటలో పెట్టితిని. మొదటి ఏడు తేనె సమృద్ధిగా వచ్చినది. రెండవ ఏడు ఫాల్గుణమాసమున పెట్టెల ముందు రెక్కలు ముడిచిన ఈగలు కనబడినవి. పురుగుమందు వేయుటకు మనసొప్పలేదు. వాము పువ్వు మన మందే గదా, దానివల్ల హాని ఏమున్నదని ఉదారముగా వేసితిని. అప్పటికి వైశాఖము వచ్చినది. మన వైశాఖము ఎట్టిదో చెప్పవలయునా! చల్లని దేశములలో మెల్లగా ఆవిరియగు పదార్థము ఇచ్చటి ఎండకు ఒక్కసారిగా లేచినది. ఈగలు లోపల నిలువలేక పెట్టె ముఖమునకు గడ్డమువలె వ్రేలాడినవి. పిల్లపురుగులు ఎండిపోయినవి. రెండు పెట్టెలు పది దినములలో ఖాళీ అయినవి, ఒకటి వర్షములలో మైనపు పురుగు పాలైనది. మాత్ర, కాలము, దేశము అని రోగులకు నిత్యము చెప్పు నేను ఈగల యెడ ఆ మూడింటిని మరచితిని. ఆకుపసరు మందు గనుక అపకారము చేయదని వాదించు రోగులకు ఇప్పుడు నేను ఈ కథ చెప్పుచున్నాను.

ఆ తోట గట్టున పాత తాటి మొద్దు తొర్రలో ఒక నాటు పట్టు ఉండెడిది. దానికి ఎవరును ఏమియు వేయలేదు. నా పెట్టెలు పోయిన ఏడును అది నిక్షేపముగా ఉన్నది. మిత్రుని పాలేరు తేనె తీసినప్పుడు పోతు ఈగల గదులున్న ముక్క అడిగి తెచ్చుకొని సూదితో తెరచి చూచితిని. నల్లులున్నవి. అనగా శత్రువు అక్కడను ఉన్నాడు, పట్టు మాత్రము కూలలేదు.

మందు వేసి కాపాడుటకంటె తట్టుకొను ఈగనే పెంచుట మేలని ప్రపంచమున చాలమంది చాల కాలముగా ప్రయత్నించుచున్నారు. ఇంగ్లండులో బక్‌ఫాస్ట్ మఠమునందలి బ్రదర్ ఆడమ్ అను సన్న్యాసిని ఈ త్రోవకు ఆద్యులలో ఒకరుగా చెప్పుదురు. ఆ దేశమున ఒక మహామారి వచ్చి 1916 నాటికి ఆ మఠపు పట్టులలో ఇంచుమించు మూడింట రెండు వంతులు నశించినవి. మిగిలినవి ఇటలీ దేశపు రాణుల సంతతి. వానినే మూలముగా చేసికొని ఆయన జీవితమంతయు సంకరము చేసి పెంచినాడు. ఆ మహామారికి ఈగ శ్వాసనాళములో దూరు ఒక నల్లి కారణమని 1921లో చెప్పినారు. అదియొక్కటే కారణమా అన్న వాదము నేటికిని ఉన్నది. 1964లో అమెరికాలో రోతెన్‌బుహ్లర్ అను పండితుడు, కొన్ని పట్టులలోని ఈగలు మూత క్రింద రోగముతో చచ్చిన పిల్లను పసిగట్టి తీసివేయుననియు, ఈ శుచి గుణము వంశపారంపర్యముగా వచ్చుననియు నిరూపించినాడు. మినెసోటాలో మార్లా స్పివాక్ అను శాస్త్రజ్ఞురాలు ఆ గుణమును పట్టుకొని ఒక వంశమును పెంచినది. బేటన్ రూజ్ నగరమందలి ప్రభుత్వ ప్రయోగశాలలో హార్బో, హారిస్ అనువారు నల్లి పిల్లలు పెట్టుచున్న గదినే ఏరి తెరచు ఈగలను 1990లలో ఎంచినారు. అదే శాలవారు 1997లో రష్యా తూర్పు కొసనుండి రాణులను తెప్పించినారు, ఏలయనగా అక్కడ యూరపు ఈగలు నూరేండ్లకు పైగా నల్లి మధ్యనే ఉండి కొంత ఆరితేరినవి.

అన్నింటికంటె కఠినమైన పరీక్ష స్వీడనులో జరిగినది. 1999లో గాట్‌లాండ్ ద్వీపమున నూట యాబది పట్టులను పెట్టి ఏ మందును వేయక విడిచినారు. మూడు నాలుగేండ్లలో నూటికి ఎనుబదికి పైగా చచ్చినవి. మిగిలిన కొద్దిపాటి పట్టుల సంతతి మందు లేకనే నిలిచినది. వైద్యునిగా నాకు ఈ పద్ధతి రుచింపలేదు. రోగులలో ఎనుబదిమంది పోగా మిగిలినవారు బలవంతులని చెప్పుట వైద్యము కాదు. అయినను అక్కడ నిలిచినవి నిలిచినవే గదా.

ఈగలలో మేలు జాతి పెంచుట ఎందుకంత కష్టమో చెప్పుటకు మన గోదావరి జిల్లాల ఉపమానము చాలును. సంక్రాంతి పందెములకు పుంజును ఎంచువాడు తల్లిపెట్ట ఏది, తండ్రిపుంజు ఏది అని మూడు తరముల వరకు చెప్పగలడు. పెట్టను గంప క్రింద పెట్టి తనకు నచ్చిన పుంజునే విడుచును. రాణి ఈగను గంప క్రింద పెట్టలేము. అది ఆకాశములో, చుట్టు ప్రక్కల అనేక పట్టులనుండి వచ్చిన పోతు ఈగలలో డజనుకు తక్కువ కాకుండ జతకూడి, ఆ బీజమును జీవితాంతము దాచుకొనును. పోతు ఈగకు తండ్రి లేడు, తల్లి బీజము మాత్రమే. కావున మన రాణి ఎంత మేలైనదైనను, ప్రక్క తోటలోని పోతులు నిస్సారమైనవైతే కుమార్తెలలో సగము గుణము జారిపోవును. అందుకే కొందరు సముద్ర ద్వీపములకు తీసికొనిపోయి జతకట్టింతురు, కొందరు సూక్ష్మదర్శిని క్రింద కృత్రిమ గర్భాధానము చేయుదురు. సామాన్య పెంపకందారునకు మిగిలిన ఉపాయము ఒక్కటే. ఊరివారందరు కలిసి బలహీనమైన పట్టులకు రాణిని మార్చుట, బలమైన పట్టులలో పోతు ఈగలను పెరుగనిచ్చుట. ఒంటరివాని వల్ల కాదు.

ఎంచుట ఎట్లు? ఇంటిలో రెండు మూడు పెట్టెలున్నవారు కూడ చేయదగిన పరీక్ష ఉన్నది. మూత వేసిన పిల్ల గదులున్న చోట, కన్నులు ఇంకను తెల్లగా గాని లేత గులాబి రంగున గాని ఉన్న దశలో, సన్నని గుండుసూదితో వంద గదుల మూతలను పొడిచి లోని పిల్లను చంపి, చట్రమును తిరిగి పెట్టెలో పెట్టవలెను. మరునాడు అదే వేళకు చూడవలెను. వంద గదులలో తొంబది అయిదింటికి పైగా శుభ్రమై ఉన్నచో, మరియొకసారి చేసినప్పుడును అట్లే ఉన్నచో, ఆ రాణి సంతతి శుచి గుణము కలది. దానినుండియే క్రొత్త రాణులను పెంచవలెను. మినెసోటావారు పట్టు ముక్కను గడ్డకట్టించి ఇదే పరీక్ష చేసినారు. నల్లులను లెక్కించుటకు వేరొక ఉపాయము. మూడు వందల ఈగలను జాలీ మూత గల సీసాలో వేసి, మెత్తని పంచదార పొడి చల్లి దొర్లించి తెల్లని పళ్ళెములో దులుపుదురు. నల్లులు పొడితో రాలును. ఈగలను తిరిగి పెట్టెలో వేయుదురు, అవి ఒకదానినొకటి నాకి శుభ్రపడును. వందకు మూడు నల్లులు మించినచో ఇటాలియన్ పెట్టెకు ప్రమాదమని లెక్క.

ఇంత చెప్పిన తరువాత నాటు ఈగ సర్వరోగ నిరోధకమని పాఠకులు అనుకొనరాదు. 1991-92 ప్రాంతమున దక్షిణ దేశమంతట నాటు ఈగలకు థాయి సంచి రోగము వచ్చినది. ఒక విషక్రిమి వల్ల పిల్లపురుగు చర్మము నీటి సంచివలె ఉబ్బి, తల పైకెత్తి, పడవ ఆకారమున గదిలో చచ్చి పడియుండును. కేరళ, కర్ణాటక, తమిళనాడులలో లక్షల పెట్టెలు ఖాళీ అయినవి. మా గురువుగారి ఇంట పెరటి గోడలో మట్టి కుండలు అడ్డముగా అమర్చి నాటు ఈగలను ఉంచెడివారు. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఆరు కుండలలో ఈగలుండెడివి. లేహ్యములకు తేనె అంతయు అక్కడిదే. ఆ రోగము వచ్చిన ఏడు ఆరును పోయినవి. గురుపత్ని ఆ కుండలను కడిగి బోర్లించిన దృశ్యము నాకింకను గుర్తున్నది. నాలుగైదేండ్ల తరువాత ఎచ్చటినుండియో ఒక గుంపు వచ్చి తనంతట తానే ఒక కుండలో చేరినది. రోగమును తట్టుకొని మిగిలిన ఏదో పట్టునకు చెందినది కావలెను. కేరళలో కూడ మిగిలిన పట్టులనుండియే తిరిగి పెంచుకొన్నారు. చచ్చిన పిల్లను త్వరగా తీసివేయు గుణము నల్లికి ఎట్లో ఈ సంచి రోగమునకు కూడ కొంత అట్లే పనికివచ్చును.

పూత విషయమున మన సీమ పేద కాదు. ఏలూరు ఉత్తరమున పెదవేగి, విజయరాయి వైపు నిమ్మ, జామ, కొబ్బరి, పామాయిలు తోటలు. ఇంకను పైకి పోయిన జీడిమామిడి, మామిడి, కుంకుడు. విజయరాయి తేనెటీగల పరిశోధనకు, శిక్షణకు చిరకాలముగా పేరు పొందిన ఊరు. తాడేపల్లిగూడెము ప్రక్కన వెంకట్రామన్నగూడెములో 2007 నుండి ఉద్యాన విశ్వవిద్యాలయమున్నది. పల్లమునకు దిగిన సంగతి వేరు. కొల్లేరు లంకలలో చేపల చెరువుల గట్ల మీది కొబ్బరియే ఈగకు ప్రధానమైన ఆధారము. కొబ్బరి ఏడాది పొడుగునా పూయును గనుక పుప్పొడికి లోటుండదు. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యమైనది, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరినది. ఆటపాకకు గూడబాతులను చూడవచ్చువారు ఆ గట్ల మీది పాత చెట్ల తొర్రలను కూడ ఒకమారు చూడవలెను. పల్లపు ఊళ్ళలో తాటి మొద్దులు, పాత చింతలు కొట్టివేయుచున్న కొలది నాటు ఈగకు ఇల్లు లేకున్నది. వరిచేల మీద మందు కొట్టు వేళ పూతకు పోయిన ఈగ ఇల్లు చేరదు. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున వందలమంది మూర్ఛలతో ఆసుపత్రి పాలైనప్పుడు రక్తములో సీసము, నికెల్ కనబడినవని చెప్పినారు, పురుగుమందుల వైపునకును అనుమానము పోయినది. ఆ తరువాత కొంత కాలము మా ఊళ్ళవారు కూరగాయలను ఉప్పునీట కడిగి తినిరి. తేనెను కడుగుటకు వీలు లేదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తును. ఇంటింటికి చెప్పునట్లు నాకు తెలిసినంత చెప్పెదను.

నీటి బొట్టు పరీక్ష, అగ్గిపుల్ల పరీక్ష నమ్మదగినవి కావు. 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారు పరీక్షించిన సీసాలలో నూటికి డెబ్బది ఏడింటిలో చక్కెర పాకము కలిసినదని ప్రకటించినారు. కొన్ని కంపెనీలు దానిని ఖండించినవి. ప్రయోగశాలలలోని మామూలు పరీక్షలకే చిక్కని పాకములు వచ్చినప్పుడు అగ్గిపుల్ల ఏమి చేయగలదు? తేనె గడ్డకట్టినంత మాత్రమున కల్తీ అనుకొని పారవేయకుడు. మంచి తేనె కూడ పేరుకొనును. ఆ సీసాను పొయ్యి మీద పెట్టరాదు. ఉష్ణముతో మధువు విరుద్ధమని శాస్త్రము. కావలసిన ఎండలో కొంచెము సేపు ఉంచుడు.

పెట్టెలు పెంచువాని వద్ద కొనునప్పుడు రెండు ప్రశ్నలడుగుడు. నాటు ఈగదా, ఇటాలియన్‌దా? నల్లికి ఏమి వేసినారు, ఏ నెలలో వేసినారు? తేనె తీయు కాలమునకు ముందుగా మందు వేయలేదని, పట్టీలు తీసివేసినానని ధైర్యముగా చెప్పగలవానివద్ద ఇటాలియన్ తేనె కొనుటకు నాకు అభ్యంతరము లేదు. ఆ ఈగ మన శత్రువు కాదు. నాటు తేనె ధర హెచ్చు, పరిమాణము తక్కువ. కావున కుటుంబమునకంతటికి రోజూ చపాతీలో వేసికొనుటకు కాక, ఔషధమునకు కొద్దిగా ఉంచుకొనుడు.

మీ ఇంటి చూరులోనో, గోడ తొర్రలోనో నాటు పట్టు చేరినచో కాగడాతో కాల్పింపకుడు. అది సాధారణముగా నెమ్మది కలది. పొగ పెట్టి పట్టును చట్రమునకు కట్టి పెట్టెలో దింపు నేర్పరులు మెట్ట గ్రామములలో ఇంకను ఉన్నారు. తీసివేయక తప్పనప్పుడు అట్టివానికి కబురు చేయుడు. మందు లేక పదేండ్లు నిలిచిన ఒక పాత పట్టును కాల్చిన, దానితోపాటు అది నేర్చిన విద్య కాలిపోవును, తిరిగి కొనదగిన అంగడి లేదు. పెంచదలచినవారు దూర ప్రాంతమునుండి రాణులను తెప్పింపక మీ ఊరి పట్టునే పెట్టెలోనికి ఎక్కించుడు. నాటు ఈగకు కోపము వచ్చిన కుట్టుటకంటె లేచిపోవుటయే హెచ్చు. మాటిమాటికి పెట్టె తెరచి చూచువానివద్ద అది నిలువదు.

ఏడాది నిండని శిశువునకు తేనె నాకింపవద్దని నేటి శిశువైద్యులు చెప్పుచున్నారు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజము పసికందు పేగులో మొలకెత్తి నరములను చచ్చుపరచవచ్చును. అది నాటు తేనెలోనైనను ఉండవచ్చును. పూర్వాచారమున పురిటి గదిలో తేనె నాకించు వాడుక ఉన్నను, ఈ విషయమున నేను వారి మాటనే పాటించుచున్నాను. నా మనుమనికి కూడ నాకింపలేదు. మధుమేహ రోగులు మంచి తేనె అను పేరున చెంచాలు చెంచాలు పుచ్చుకొనరాదు. తేనె, నేయి సమభాగముల నియమము అందరికి తెలిసినదే.

మా పెరటిలో ఇప్పుడు నాటు ఈగల పెట్టెలు మూడున్నవి. మొన్నటి మాఘమాసములో గుండుసూది పరీక్ష చేసితిని. ఒకదానిలో వందకు తొంబది ఎనిమిది గదులు మరునాటికి ఖాళీ, రెండవదానిలో తొంబది ఆరు. మూడవ పెట్టెవారు డెబ్బది మాత్రమే తీసినారు. చైత్రమునకు ఆ రాణిని మార్చి మొదటి పెట్టెలోని రాణి పిల్లనొకదానిని అందులో పెట్టినాను. ఆమె ఆకాశమునకు పోయి వచ్చినది. ఏ పోతులతో కూడినదో వచ్చే మాఘములో గాని తెలియదు.